నువ్వు చదవకుండా వదిలేసిన వచనం

మా వాక్యం పాపకు,

ప్రభువు చెయ్యి నీ తల మీద ఉండాలని కోరుతూ నాన్న రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అమ్మ, వెల్డింగ్ మెషీను ముగ్గురం క్షేమం. ముగ్గురిలో మెషీనుకే కాస్త దగ్గు. నువ్వూ, నీ హాస్టల్ గదిలోని ఇద్దరమ్మాయిలూ, మూడో అంతస్తు మెట్లెక్కే నీ కాళ్ళూ క్షేమంగా ఉన్నాయని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. మీ అమ్మ చదివి వినిపించింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. జవాబు ఆలస్యమైనందుకు కారణం ఉంది, అది రాసే ధైర్యం వచ్చాక రాస్తాను. ఎప్పుడూ గేటు మీద ఇంటి నంబరు వేసినంత అక్షరాలు రాసే నాన్న ఈసారి ఇంత చిన్నగా రాశాడేమిటని నువ్వు ఆశ్చర్యపోతూ ఉంటావు. అది కూడా అక్కడే చెబుతాను.

ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు కదా అని మందిరంలో అందరూ అడుగుతున్నారు. ఫోన్‌లో అయితే నాన్న ప్రసంగం మొదలుపెడతాడు, ఉత్తరమైతే మధ్యలో లేచి మంచినీళ్ళు తాగి రావచ్చు అని నువ్వన్న మాట చెప్పి నవ్విస్తున్నాను. అందరూ నవ్వుకుని వెళ్ళిపోయాక నేను బల్లలు సర్దుతూ నీ మూల వైపు చూస్తాను. నీ ఇనుప స్టాండు అక్కడే ఉంది. నీకు తొమ్మిదేళ్ళప్పుడు, నా ప్రసంగాల మధ్య నువ్వు వాక్యం చదవడానికి గ్రంథం పెట్టుకోమని నేను చేసిన స్టాండు. నువ్వు పొడుగైనప్పుడల్లా దాని కాలికి ఒక ముక్క అతికాను. నాలుగు అతుకులు. పిల్లల ఎత్తు గోడ మీద గీతలు గీసి చూసుకునేవాళ్ళుంటారు. మన ఇంట్లో అది ఇనుము మీద ఉంది.

షాపు సంగతి. మొన్న మలుపు దగ్గర ఇంటికి గేటు చేసి ఇస్తే రెండు అంగుళాలు ఎక్కువ వచ్చింది. ఆ ఇంటాయన షాపుకొచ్చి, "ఏమయ్యా, నీ గేటు తెరుచుకోదు, మూసుకోదు. రెండింట్లో ఏదో ఒకటి చేయమని చెప్పు దానికి," అన్నాడు. తీసుకొచ్చి కోసి మళ్ళీ బిగించాను. నెలలో అది మూడోది. మీ అమ్మ ఏమీ అనలేదు. మీ అమ్మ ఏమీ అనకపోతే ఎలా ఉంటుందో నీకు తెలుసు.

ఇక నీ ప్రశ్నలు. ఐదు అడిగావు. మూడింటికి ముందు చెబుతాను. మిగతా రెండూ నా గొంతులో ఉన్నాయి, కాస్త ఆగు.

మొదటిది, నీ గదిలోని అమ్మాయిలు భోజనానికి తమ బల్ల దగ్గరికి రమ్మంటే ఏదో సాకు చెప్పి పళ్ళెం పట్టుకుని మంచం మీద కూర్చుని తింటున్నావని రాశావు. వాళ్ళు మన మార్గం కాదు కాబట్టి, నాన్న ఏమంటాడో అని. నాన్న ఏమంటాడో చెబుతున్నాను, విను. వెళ్ళి కూర్చో. మన ప్రభువు మీద ఆయన ఊరి పెద్దలు వేసిన నింద ఏమిటి? ఎవరితో పడితే వాళ్ళతో కలిసి తింటాడని. ఆ నింద ఒక్కసారైనా నా మీద పడలేదు, నేను ఆయన శిష్యుణ్ణని చెప్పుకుంటూ తిరుగుతున్నాను. వాళ్ళ పక్కన కూర్చో, వాళ్ళ అమ్మల గురించి అడుగు, ఉప్పు అందించు. కళ్ళు మూసుకుని చేసుకునే ప్రార్థన ఎలాగూ చేసుకుంటావు, అది దాచకు, చాటింపూ వేయకు. వాళ్ళకు ప్రసంగం మాత్రం చేయకు. ప్రసంగం చేస్తే మనుషులు ఎలా కనబడతారో నాకు తెలుసు. అందరూ ఒక్కలాగే కనబడతారు.

రెండోది, రాళ్ళ పాఠం. మాస్టారు ఒక రాయి చేతిలో పెట్టి దాని వయసు చెప్పారనీ, ఆ అంకె విన్న దగ్గర్నుంచి ప్రార్థన నోట్లోకి రావడం లేదనీ, ఇది పాపమా అనీ అడిగావు. అమ్మా, ఆ అంకె సంగతి నాకు తెలియదు. తెలిసినట్టు నటించను. నాకు ఇనుము తెలుసు. ఎంత ఎరుపుకి వంగుతుందో, ఎంత తెలుపుకి కారుతుందో నాకు పుస్తకం చెప్పలేదు, ఇనుమే చెప్పింది. దాన్ని చేసినవాడు దానిలో రాసిపెట్టిందే అది నాకు చెప్పింది. రాయి కూడా ఆయన రాసిందే కదా, చదువు. ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ వేలు పెట్టి ఆగు, పేజీ చించకు. గ్రంథంలో మనవాళ్ళు ఎంతమంది ఆయన్ని నిలదీయలేదు? బూడిదలో కూర్చుని అడిగినవాడున్నాడు, చెట్టు కింద పడుకుని చచ్చిపోతానని అలిగినవాడున్నాడు. ఎవర్నీ ఆయన తరమలేదు. అలిగినవాడికి రొట్టె పంపాడు. ప్రార్థన నోట్లోకి రాకపోతే ఆ మాటే ఆయనకు చెప్పు. అదీ ప్రార్థనే.

దానియేలు గురించి నేను ఎన్నిసార్లు ప్రసంగించానో నీకు లెక్క తెలుసు, నువ్వే చదివావు కాబట్టి. పరాయి రాజు భోజనం వద్దన్నాడు, చూశారా అని బల్ల గుద్దేవాణ్ణి. మొన్న మొదటి అధ్యాయం మళ్ళీ చూశాను. భోజనం వద్దన్నాడు, నిజమే. కానీ ఆ పరాయి దేశం చదువు వద్దనలేదు. వాళ్ళ భాషా, వాళ్ళ పుస్తకాలూ మూడేళ్ళు చదివాడు. పరీక్షలో మిగతావాళ్ళకంటే పది రెట్లు మెరుగ్గా నిలబడ్డాడు. ఆ భాగం నేను ఒక్కసారీ గుద్ది చెప్పలేదు. ఎందుకంటావు?

మూడోది, ప్రార్థనకు ఎక్కడికి వెళ్ళాలని. నువ్వు వెళ్ళిన చోట చప్పట్లు లేవనీ, పుస్తకం చూసి మెల్లగా చదువుతారనీ, మనలా లేదని ఆరు ఆదివారాలుగా గదిలోనే ఉండిపోతున్నావనీ రాశావు. వెళ్ళు. మనలా లేకపోతే ఏం, దేవుడు కూడా మనలా లేడు. ఎవరో ఒక పెద్దావిడ పక్కన కూర్చో. నాలుగు వారాలు వరసగా ఒకే చోట కూర్చుంటే ఐదో వారం నువ్వు రాకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. అలా అడిగే మనిషి ఒక్కరు ఉండాలి, అంతే, ఊరు కాని ఊళ్ళో విశ్వాసం నిలబడటానికి. కానీ ఒక్క మాట. అక్కడ వాక్యం చదవడానికి ఎవరైనా పిలిస్తే ఇప్పుడే పోకు. ఎందుకో చివర చెబుతాను.

మీ అమ్మ ఇప్పుడే వచ్చి భుజం మీదుగా చూసింది. "అయ్యగారు ఇంకా ముందుమాటలోనే ఉన్నారా?" అంది. ఉన్నాను. నాలుగో ప్రశ్నకు వస్తున్నాను.

ఇప్పుడు వాక్యం ఎవరు చదువుతున్నారని అడిగావు. మన పక్కింటి కుట్టుమెషీను అత్త చదువుతోంది. నువ్వు వెళ్ళాక మొదటి ఆదివారం నేను విశ్రాంతి దినం గురించి మొదలుపెట్టి, నీకు చెప్పినట్టే చెయ్యెత్తి, "నిర్గమకాండం ఇరవై ఆరు, ఎనిమిది. చదవమ్మా," అన్నాను. అత్త గొంతు సవరించుకుని గుడారానికి వేసే తెరల కొలతలు చదివింది. ఒక్కో తెర ముప్పై మూరల పొడవు, నాలుగు మూరల వెడల్పు, మొత్తం పదకొండు తెరలు, అన్నిటికీ ఒకటే కొలత. అత్త తలెత్తి నన్ను చూసి, "అన్నయ్యా, మడత కుట్టడానికి ఎంత వదలాలో రాయలేదు," అంది.

నవ్వారు. నేనూ నవ్వేశాను. నాకు కావలసింది ఇరవయ్యో అధ్యాయం. పొరపాటు, ఎవరికైనా జరుగుతుంది అనుకున్నాను. తర్వాతి ఆదివారం మళ్ళీ జరిగింది. ఓదార్పు వచనం అడిగితే శాపం వచ్చింది. అలా వారాలు గడిచాయి, పోయిన వారం మూడు అడిగితే మూడూ తప్పే. ఆరాధన అయ్యాక అత్తను ఆపాను. కోపంగానే ఆపాను.

"ఏంటమ్మా ఇది? పాప ఉన్నప్పుడు పదేళ్ళలో ఒక్కసారి ఇలా జరిగిందా?"

అత్త నోట్లో సూదులున్నట్టు పెదాలు బిగించి గ్రంథం సంచిలో పెట్టుకుంది. తర్వాత అంది, "అన్నయ్యా, నువ్వు ఏ అంకె చెబితే నేను అది చదువుతున్నాను. పాప నువ్వు చెప్పింది చదివేది కాదు. నువ్వు చెప్పాలనుకున్నది చదివేది."

"ఎవరు చెప్పారు నీకు?"

"చెప్పేదేముంది. మేమూ గ్రంథాలు ఒళ్ళో పెట్టుకునే కూర్చుంటాం కదా. నువ్వు ఒక చోటు చెబుతావు, పాప ఇంకో చోటు చదువుతుంది, అదే సరిగ్గా అతుకుతుంది. నాలుగైదేళ్ళుగా ఇదే వరస. మందిరంలో ఈ సంగతి తెలియంది నీకొక్కడికే."

అమ్మా, ఇప్పుడు దాచుకున్నది బయట పెట్టాలి. నా కళ్ళ సంగతి.

నీకు ఎనిమిదేళ్ళప్పుడు నేను ముఖానికి అద్దం తొడుక్కోకుండా ఒక్క అతుకు వేశాను. ఒక్కటే కదా అని. ఆ వెలుగు కొట్టి కళ్ళలో ఇసుక పోసినట్టయింది. మూడు రోజులు గుడ్డ కట్టుకుని పడుకున్నాను. మందిరం అంతా ఉపవాసం ఉంది. మూడో రోజు పొద్దున గుడ్డ తీస్తే తలుపు దగ్గర నువ్వు నిలబడి ఉన్నావు, ఒక చెప్పు వేసుకుని, ఒకటి చేతిలో పట్టుకుని. ఆ ఆదివారం సాక్ష్యం చెప్పాను. ప్రభువు నా కళ్ళు తెరిచాడన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఊపులో ఇంకో మాట అన్నాను. ఇక ఈ కళ్ళ మీద మనిషి చేసిన గాజు పెట్టనన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొస్తూ మీ అమ్మ, "మరి ఆ వెల్డింగ్ అద్దం దేవదూత చేశాడా?" అంది. వినలేదు నేను.

ఆరేళ్ళ తర్వాత దగ్గరి అక్షరాలు చీమలయ్యాయి. ఆ సాక్ష్యం విని నమ్మకంలోకి వచ్చినవాళ్ళు ముందు వరసలో కూర్చుని ఉండగా కళ్ళజోడు ఎలా పెట్టుకోను? వచనాలు రాసుకున్న చీటీలు చదవలేక వాటి అంకెలు నోటికి పెట్టుకున్నాను. నోట్లో అవి తారుమారయ్యాయి. నువ్వు పక్కన నిలబడి వాటిని నిలబెట్టావు. నేను అగ్నిలా మాట్లాడుతున్నానని మురిసిపోయాను. అగ్నికి కట్టెలు నువ్వు అందిస్తున్నావని తెలియదు.

ఇంకా ఉంది. ఇది రాయడానికే పది రోజులు పట్టింది.

నువ్వు వెళ్ళే ముందు ఆదివారం నేను చేసిన ప్రసంగం నీకు గుర్తుంది. మర్చిపోయి ఉంటే ఆ ఐదు ప్రశ్నలూ అడిగేదానివే కాదు. అబ్రాముని వదిలి అతని సహోదరుడి కొడుకు లోతు వెళ్ళిపోయిన భాగం. పచ్చగా కనబడిందని కన్నులెత్తి చూసి, పెద్దవాణ్ణి వదిలి, చెడ్డ ఊరి వైపు గుడారం వేసుకున్నవాడి కథ. ఎవరి గురించి చెబుతున్నానో మందిరంలో పసిపిల్లలకు కూడా తెలుసు. నీ పేరు ఎత్తలేదు, అంతే. పెద్ద చదువులు, పెద్ద ఊళ్ళు, దూరం పోయిన పిల్లలు, ఆరిపోయిన దీపాలు. అరగంట మాట్లాడాను. నువ్వు నా ఎడమ పక్కన నిలబడి నేను చెయ్యెత్తినప్పుడల్లా చదివావు.

ఆ రోజు అత్త తన చెల్లెలికి పంపడానికి ఆ ప్రసంగం ఫోన్‌లో పట్టింది. నువ్వు వెళ్ళాక దాన్ని మీ అమ్మ ఫోన్‌లోకి పంపింది. అమ్మా, నీ గొంతు కోసం దాన్ని వింటున్నాను. మధ్యాహ్నం మెషీను ఆపేసి, షాపులో స్టూలు మీద కూర్చుని, ఫోను చెవికి ఆనించుకుని వింటాను. నా అరుపులు దాటుకుంటూ నువ్వు చదివే చోటుకి వస్తాను. మూడుచోట్ల చదివావు. మూడు కలిపి ఒక నిమిషం ఉండదు. ఆ ఒక్క నిమిషం కోసం అరగంట నన్ను నేను భరిస్తున్నాను. భరించగా భరించగా నేను ఏం అంటున్నానో వినబడటం మొదలైంది.

అత్త ఆ మాట అన్న మర్నాడు అలా వింటున్నాను. "ఆదికాండం ముప్పై ఒకటి, పది. చదవమ్మా," అంటున్నాను నేను. కాగితాలు తిరిగిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఎవరో దగ్గారు. ఊపిరి పట్టుకున్నంత సేపు ఏమీ లేదు. మళ్ళీ కాగితాలు, ఈసారి చాలా కాగితాలు వెనక్కి. అప్పుడు నీ గొంతు. లోతు కన్నులెత్తి చూసిన వచనం. గొంతు వణకలేదు. ఎప్పుడూ చదివినట్టే చదివావు.

ఇంటికి పరుగెత్తాను. మీ అమ్మను గ్రంథం తీయమని, ముప్పై ఒకటి, పది చదవమన్నాను. మీ అమ్మ చదివింది. అది యాకోబు కల. కన్నులెత్తి చూస్తే చారలు, పొడలు, మచ్చలు ఉన్న పొట్టేళ్ళు కనబడిన కల.

మీ అమ్మకు నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఆగిపోయింది. గ్రంథం మూయకుండా అలాగే పట్టుకుని అంది, "ఆ పొట్టేళ్ళు చదివేసి ఉంటే పిల్ల బయటపడేది కదయ్యా. అందరూ నవ్వేవాళ్ళు, నీ ప్రసంగం అక్కడే కూలిపోయేది."

అవును. నీ చేతిలో పెట్టాను నేనే. నువ్వు ఏమీ చేయనక్కర్లేదు, నేను చెప్పిన అంకె చదివితే చాలు. మర్నాడు బయల్దేరే పిల్లవి. ఒక్కసారి నాన్న మాట అక్షరాలా విని ఉంటే నవ్వుల మధ్య గర్వంగా వెళ్ళి ఉండేదానివి. నువ్వు ఆగి, వెతికి, సరైన చోటు పట్టుకుని, నీ మీద తీర్పు నువ్వే చదువుకున్నావు, నాన్న నలుగురిలో నవ్వులపాలు కాకూడదని. ఇరవయ్యేళ్ళుగా ప్రేమ గురించి ప్రసంగిస్తున్నాను. ఆ కాగితాల చప్పుడు కంటే ఎక్కువ ఎప్పుడూ చెప్పలేదు.

ఆ ప్రసంగం ప్రభువు ఇచ్చింది కాదు. ఒప్పుకుంటున్నాను. నువ్వు లేకపోతే నాకు చదివి పెట్టేవాళ్ళు లేరన్న భయం ఇచ్చింది. అంతకంటే ముందు, నువ్వు లేని ఇంట్లో ఎలా ఉండాలో తెలియని భయం. దానికి వాక్యం తొడుగు తొడిగి అందరి ముందు నిలబెట్టాను. నువ్వు గదిలో మంచం మీద కూర్చుని తినడం, ఆరు ఆదివారాలు బయటకు రాకపోవడం, రాయి వయసు విని ఒంటరిగా వణికిపోవడం, అన్నీ ఆ అరగంటలో నుంచి వచ్చినవే. విత్తనం నాది.

మర్నాడు కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ అక్షరాల పలక పెట్టి పరీక్ష చేసింది. "ఎన్నాళ్ళుగా ఇలా ఉంది?" అని అడిగింది. ఐదేళ్ళు అన్నాను. "మరి ఇన్నాళ్ళూ ఎలా చదివారు?" అంది. "మా అమ్మాయి కళ్ళతో," అన్నాను. ఆవిడ రాసుకోబోయి ఆగింది. వెల్డింగ్ వెలుగు దెబ్బ మామూలుగా రెండు మూడు రోజుల్లో దానంతట అదే మానుతుందని కూడా చెప్పింది. విన్నాను. నేను చెప్పిన కృతజ్ఞత వెనక్కి తీసుకోను, మానేలా కన్ను చేసినవాడు ఆయనే. గాజు పెట్టనని మాటిమ్మని మాత్రం ఆయన అడగలేదు. అది నా సొంతం.

ఈ ఆదివారం జోడు పెట్టుకుని ముందుకు వెళ్ళి నిలబడ్డాను. అన్నీ చెప్పాను. కళ్ళ సంగతి, అంకెల సంగతి, నీ సంగతి. గట్టిగా మాట్లాడలేదు. అయ్యాక గడియారాలు బాగుచేసే తాత లేచి, "జోడు బాగుందిరా. ప్రసంగం కూడా ఈ కొలతకే కుట్టించుకో," అన్నాడు. ఏడుస్తున్న అత్త కూడా నవ్వేసింది. ముందు వరసలో, నా సాక్ష్యం విని వచ్చిన ఆయన మాత్రం తల ఎత్తలేదు. అది నేను మోయాల్సిందే. రేపు వాళ్ళింటికి వెళ్తాను.

తర్వాత నా చేత్తో నేనే గ్రంథం తెరిచాను. లోతు భాగం మొదటి నుంచి చదివాను, నా కళ్ళతో, ఐదేళ్ళ తర్వాత. నేను ఎప్పుడూ పదో వచనంలో మొదలుపెట్టి పదమూడులో ఆపేవాణ్ణి. అంతకు ముందు ఏముందో తెలుసా? దేశమంతా నీ ముందే ఉంది, నీకు నచ్చిన వైపు వెళ్ళు అని మొదట అన్నది పెద్దవాడే. పిల్లవాడు పారిపోలేదు, పెద్దవాడే పంపాడు. పంపి, తను రెండో వైపు వెళ్తానన్నాడు. పదమూడు దాటాక పద్నాలుగులో ఏముందో తెలుసా? లోతు వెళ్ళిపోయిన తర్వాత ప్రభువు మాట్లాడాడు. వెళ్ళినవాడితో కాదు. మిగిలిపోయినవాడితో. నువ్వున్న చోటు నుంచే కన్నులెత్తి చూడమన్నాడు.

అమ్మా, అక్కడ నేను చదవలేకపోయాను. జోడు మీద నీళ్ళు పడితే అక్షరాలు మళ్ళీ చీమలవుతాయని కొత్తగా తెలిసింది.

ఇప్పుడు నీ ఐదో ప్రశ్న. ఉత్తరం చివర, మిగతా అక్షరాలకంటే చిన్నగా రాశావట. "నేను తిరిగి వచ్చేయనా నాన్నా? పద్దెనిమిదో తేదీ లోపు ఆఫీసులో కాగితం ఇస్తే పేరు తీసేస్తారు." మీ అమ్మ ఆ వాక్యం దగ్గర నాలుగుసార్లూ ఆగింది. నాలుగుసార్లూ నా నోట్లోకి రా తల్లీ అనే వచ్చింది. ఈ ఇంట్లో ఏ మూలకు పోయినా అదే మాట వినబడుతుంది. నీ కంచం వినబడుతుంది. దండెం మీద ఖాళీ జాగా వినబడుతుంది.

రాకు. ఆ కాగితం ఇవ్వకు. సెలవులకు రా, పండగలా చూసుకుంటాం, కానీ వదిలేసి రాకు. నువ్వు వెళ్ళిన చోటు చెడ్డదని ఏ వచనంలోనూ లేదు, నా నోట్లో తప్ప. నీకు నచ్చిన వైపు వెళ్ళు అని పెద్దవాడు అనాల్సిన మాట ఆ రోజు నేను అనలేదు. ఇప్పుడు అంటున్నాను. దేశమంతా నీ ముందే ఉంది, వెళ్ళు. రాళ్ళు చదువు. బల్ల దగ్గర కూర్చో.

అక్కడి మందిరంలో వాక్యం చదవడానికి ఇప్పుడే పోవద్దని ఎందుకన్నానంటే, పదేళ్ళు నువ్వు మాకు చదివావు. నీకెవరూ చదవలేదు. నీ చెవుల్లో పడ్డ ప్రతి వాక్యమూ నీ నోట్లోంచి వచ్చిందే, దాని వెనక నా అరుపు. కొన్నాళ్ళు వెనక కూర్చో. ఆ పుస్తకం చూసి మెల్లగా చదివేవాళ్ళ మధ్యే కూర్చో. ఎవరో ఒకరు నీకు చదివి వినిపించనీ. వాళ్ళు అంకె తప్పు చెప్పినా దిద్దకు. అది నీ పని కాదు.

స్టాండు సంగతి చెప్పి ముగిస్తాను. అత్త పొట్టి కదా, పీట మీద నిలబడి చదువుతోంది. కాలు కోయమని నెల నుంచి అడుగుతుంటే కోయనని మొండికేశాను. ఈరోజు పొద్దున కోశాను. జోడు పెట్టుకుని, దాని మీద ముఖం అద్దం వేసుకుని, రెండుసార్లు కొలిచి కోశాను. వెంట్రుకవాసి తేడా రాలేదు. నాలుగో అతుకు ఉన్న ముక్క చేతికి వచ్చింది. గాలికి ఎగిరిపోకుండా ఈ కాగితాల మీద దాన్నే పెట్టుకుని రాస్తున్నాను. కాసేపట్లో దాన్ని ఎత్తి, కాగితాలు మడిచి, పోస్టు డబ్బాలో వేసి వస్తాను. నాలుగు రోజుల్లో, పద్దెనిమిదికి ముందే నీకు అందుతుంది.

జవాబు ఎంత చిన్న అక్షరాలతో రాసినా ఫరవాలేదు. ఈసారి నేనే చదువుకుంటాను.

ఇట్లు,
వెళ్ళు అనడం ఆలస్యంగా నేర్చుకుని, ఉన్న చోటు నుంచే కన్నులెత్తి నీ వైపు చూస్తున్న
మీ నాన్న